నూట పది పేర్ల ట్రాన్స్‌ఫార్మర్

కరెంటు గురించి నాకు తెలిసినవి రెండే సంగతులు. స్విచ్చి వేస్తే వస్తుంది, తడి చేత్తో ముట్టుకుంటే ప్రాణం పోతుంది. ఇరవై రెండేళ్ళుగా బహ్రెయిన్‌లో హిద్ అనే ఊళ్ళో ఓడల మరమ్మతు యార్డులో స్టోర్‌కీపర్ని. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్తాను గానీ, వోల్టు అంటే మాత్రం నాకు అంతా అయోమయమే. అలాంటివాణ్ణి ఒక ట్రాన్స్‌ఫార్మర్ గొడవలో తలదూర్చి మూడు వారాలు బుర్ర పాడుచేసుకున్నాను. తప్పంతా జ్ఞానదాసుదేనని అప్పట్లో కనిపించినవాళ్ళందరికీ చెప్పాను కూడా.

జ్ఞానదాసుది మలికిపురం దగ్గర పల్లె. వయసు యాభై దాటింది. సన్నగా ఉంటాడు, కళ్ళద్దాలకి దారం కట్టి మెడలో వేసుకుంటాడు. ఇక్కడికి రాకముందు భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు కాలిపోతే తీగ చుట్టేవాడు. ఇక్కడా అదే పని, హిద్‌లో పోర్టుకి వెళ్ళే దారిలో ఒక రివైండింగ్ షాపులో. భార్య సుందరి మహూజ్‌లో ఒకరింట్లో వంట చేస్తుంది. ఇద్దరూ శుక్రవారం పొద్దున ఆరాధనలో కలుసుకుని, మధ్యాహ్నం దాకా కబుర్లు చెప్పుకుని, మళ్ళీ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ కబుర్లలో ముప్పాతిక వంతు సుందరివే.

షాపు పని కాక దాసుకి ఇంకో పిచ్చి ఉంది. కరెంటు లైను లేని చోట్లకి సొంతంగా ఇన్వర్టర్లు కడతాడు. చేపల పడవలవాళ్ళకి, చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకునేవాళ్ళకి, లైను రాని తోటలకి. బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చేది ఆ పెట్టె. దాంట్లో పచ్చని బోర్డు ఒకటి ఉంటుంది, అది కొనుక్కొచ్చేదే. దాని ప్రాణం మాత్రం గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్లో ఉంటుంది. చూడ్డానికి అచ్చంగా ఇనుప గారె. గారెకి నడుమ చిల్లు ఉన్నట్టే దానికీ ఉంటుంది. సన్నని రాగి తీగని ఒక చెక్క బద్దకి చుట్టుకుని, ఆ బద్దని చిల్లులోంచి దూర్చి, పైనుంచి తిప్పి, మళ్ళీ దూర్చి, ఒక్కో చుట్టూ బిగించాలి. మిషను మీద పెట్టి గిర్రున తిప్పేద్దామంటే ఆ షాపులో అలాంటి మిషను లేదు. అంతా చేత్తోనే.

ఆ శాస్త్రం దాసు నాకు పదిసార్లు చెప్పాడు, నేను పదకొండు రకాలుగా అర్థం చేసుకున్నాను. చివరికి తలకెక్కింది ఇంతే. బ్యాటరీ వైపు లావు తీగ ఇరవై మూడు చుట్లు. ఇంటి వైపు సన్న తీగ మూడు వందల ముప్పై చుట్లు. అలా చుడితే రెండు వందల ముప్పై వోల్టులు వస్తాయి. సన్న తీగ చుట్లు తగ్గితే వోల్టులూ తగ్గుతాయి.

అయితే దాసుకి అంకెలు నిలవవు. ఇరవై ముప్పై దాకా ఫరవాలేదు. వంద దాటాక ఎవరైనా "దాసూ, టీ తాగుతావా" అన్నారంటే చాలు, నూట ముప్పై ఏడా నూట డెబ్భై మూడా అని తేలక మొత్తం విప్పుకుంటాడు. భీమవరంలో ఉండగానే దానికో ఉపాయం కనిపెట్టాడు. చుట్టుకి ఒక మనిషి పేరు. అప్పట్లో చెరువుల ఆసాముల పేర్లు. బహ్రెయిన్ వచ్చిన కొత్తలో ఒంటరిగా ఉండేవాడు గనుక వాళ్ళ పేటలో ఇళ్ళ వరసన ఒక్కొక్కర్నీ తలుచుకుంటూ చుట్టేవాడట. వాళ్ళలో ఎవరైనా పోయారని కబురొచ్చినా పేరు తీసేవాడు కాదు.

"తీసేత్తే చుట్టు తగ్గిపోద్ది కదండీ. అంకె మర్చిపోతానండి నేను, మనిషిని మర్చిపోను" అనేవాడు.

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో చేరాక అతనికి ఈ పని సుఖమైంది. సహవాసానికి సెక్రటరీని నేనే. ఏటా జనవరిలో, ప్రార్థనలో తలుచుకోవడానికని అందరి పేర్లూ అచ్చువేసి పంచుతాను. దాసు ఆ కాగితాన్ని షాపులో తన బల్ల ఎదుటి గోడకి అతికించుకుంటాడు. ఈ ఏడాది నూట పది పేర్లు. మూడుసార్లు చదివితే సరిగ్గా మూడు వందల ముప్పై. దేవుడు కూడా ట్రాన్స్‌ఫార్మర్లు చుడతాడు కాబోలని అతని మురిపెం. మావాళ్ళు అతన్ని ఆటపట్టించేవాళ్ళు. "దాసూ, నా పేరు కాస్త బిగించి చుట్టు, ఈ నెల ఓవర్‌టైం పడాలి" అని ఒకరు, "మా ఆయన పేరు వదులుగా చుట్టు, కాస్త మెత్తబడతాడు" అని ఇంకొకరు. దాసు అన్నిటికీ "ఆయ్, అలాగేనండి" అనేవాడు.

ఫిబ్రవరిలో ఒక పడవకి అలా చుట్టి ఇచ్చాడు. మీటరు పెడితే రెండు వందల ముప్పై, వెంట్రుకవాసి తేడా లేదు.

మే నెలలో గులాం మొహియుద్దీన్ వచ్చాడు. బోధన్ మనిషి. అవాలి దాటాక ఎడారిలో ఒక యార్డుకి కాపలాదారు. చలికాలం గుడారాల సామాను, రేకు క్యాబిన్లు వేసవంతా అక్కడ పడి ఉంటాయి, వాటికి తోడు ఇతను. లైను లేదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వచ్చిన పూట జనరేటరు తెచ్చుకుని, వెళ్తూ తీసుకుపోతాడు. గులాంకి చక్కెర జబ్బు, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఆ మందు చల్లగా ఉండాలి. రేకు క్యాబిన్‌లో పగటిపూట చెయ్యి పెడితే కాలుతుంది.

"నీళ్ళ ట్యాంకరాయన ఒకడు దినాం ఐసు తెస్తున్నడు సార్, డబ్బల పెట్టుకుంటున్న. జూన్ పదిహేను సంది ఆయన రూటు మారుతదట. ఇగ ఐసు రాదు. రెండు నెలల కింద మందు కరాబై పడిపోయిన. ఇంకోసారి పడితే టికెట్ చేతుల పెడతా, ఖలాస్ అన్నడు కఫీల్" అన్నాడు. ఇంటి దగ్గర భార్య ఖుర్షీద్ బేగంకి ఈ సంగతేమీ చెప్పలేదట. కూతురు ఉమైమా నర్సింగు ఆఖరి ఏడాదిలో ఉంది, అది అయ్యేదాకా ఉండాలని అతని పంతం.

కఫీల్ మంచివాడే, పాత సోలార్ పలకలు రెండు వాడుకోమన్నాడు. బ్యాటరీలు దొరికాయి. చిన్న ఫ్రిజ్ ఒకటి దొరికింది. ఇన్వర్టర్ ఒక్కటే కావాలి. దాసు సంబరంగా ఒప్పుకున్నాడు. దాసుకి బండి లేదు, నాకు కారుంది. అలా నేను ఇరుక్కున్నాను.

మొదటి శుక్రవారం అన్నీ పట్టుకుని వెళ్ళాం. తీగలు తగిలించి మీటరు పెడితే రెండు వందలు చూపించింది. దాసు మీటరు తట్టాడు. రెండు వందలే. సరేలెమ్మని ఫ్రిజ్ పెట్టాం. గుర్రుమని మూలిగి, టక్కుమని ఆగింది. కాసేపాగి మళ్ళీ గుర్రు, మళ్ళీ టక్కు. గులాం ఫ్రిజ్ తలుపు తీసి, లోపల వేడిగాలి చూసుకుని, మర్యాదగా మూసేశాడు.

"ఏటండీ ఇది?" అన్నాడు దాసు. నన్ను అడిగాడో ట్రాన్స్‌ఫార్మర్ని అడిగాడో తెలియలేదు.

తలా ఒక మాట మొదలైంది. తీగ కల్తీదని షాపు ముసలి యజమాని. ఇనుము బాగాలేదని పక్క షాపు మలయాళీ ఎలక్ట్రీషియన్. కళ్ళద్దాలు మార్చమని సుందరి. ఎవరిదో నజర్ తగిలిందని గులాం. ఎండకి వోల్టులు ఆవిరైపోతాయేమోనని నేనే ఒక మాట అంటే, దాసు నా మొహంలోకి జాలిగా చూశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరం మీటరుని తిట్టాం. మా యార్డు నుంచి ఇంకో మీటరు తెచ్చాను. మద్దెల బాగానే ఉంది, అదీ రెండు వందలే అంది.

దాసు సన్న తీగ, లావు తీగ మొత్తం విప్పి రెండో శుక్రవారం కొత్తగా చుట్టాడు. మళ్ళీ రెండు వందలు. అదే నన్ను తికమక పెట్టింది. మనిషి తప్పు చేశాడనుకుందాం. రెండుసార్లూ గోరంతైనా తేడా లేకుండా అదే తప్పు ఎలా చేస్తాడు? దాసు మాత్రం వేరేలా ఆలోచించాడు. మరుసటి వారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి నిలబడి, "ముప్పై వోల్టుల కోసం ప్రార్థించండి" అన్నాడు. వెనక బల్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను కూడా రిజిస్టరు అడ్డం పెట్టుకుని నవ్వాను.

బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు. "నా చేతులు పోయాయేమోనండి షాలేం గారూ. ఒక్క పేరు కూడా వదల్లేదండి, మూడుసార్లూ గట్టిగానే చదివాను. చుట్టేది చుట్టాననుకుంటన్నాను, చుట్టట్లేదేమోనండి." ముప్పై ఏళ్ళుగా తీగ తప్ప మరొకటి తెలియని చేతులవి. నాకు భయం వేసింది.

ఆ మధ్యాహ్నమే మూడోసారి చుట్టడానికి కూర్చున్నాడు. ఇంకో మూడు రోజుల్లో జూన్ పదిహేను. ఆగలేక గులాం కూడా ఎవరి పికప్‌లోనో హిద్ వచ్చేశాడు. షాపు మూసి ఉంది, మేం ముగ్గురమే. దాసు గోడ మీద కాగితం చూస్తూ ఒక్కో పేరు పైకి చదువుతూ బద్ద దూరుస్తున్నాడు. నేను కునికిపాట్లు పడుతున్నాను. గులాం స్టూలు మీద ముందుకి వంగి, చెవి రిక్కించి వింటున్నాడు. మూడో విడత ఆఖరి పేరు చదివి, మీద లావు తీగ కూడా చుట్టేసి, దాసు బద్ద కింద పెట్టాడు.

"అయిపోయినట్టేనా దాసన్నా?" అన్నాడు గులాం.

"ఆయ్, అయిపోయిందండి."

"మరి ఫిన్నీ పేరు రాలేదేంది?"

నా కునుకు వదిలిపోయింది. "ఏ ఫిన్నీ?" అన్నాను.

"ట్యాంకర్ ఫిన్నీ సార్. నాకు ఐసు తెచ్చేటాయన. దాసన్న కాడికి పొమ్మని పంపిందే ఆయన. మీ వాళ్ళందరి పేర్లు చదువుతడు, నా పేరు కూడ వస్తది, ఇను అన్నడు. మీ ఇద్దరియి గాక నాకు ఎర్కయిన పేరు గదొక్కటే గద, మూడుసార్లూ కాసుకోని కూసున్న. రాలే."

దాసు తల వంచుకున్నాడు. ఫిన్నీ నా సొంత తమ్ముడు.

ఇక చెప్పక తప్పదు. ఈస్టర్ అయిన వారం మా సహవాసం రెండుగా చీలింది. మా హాలు మాకు శుక్రవారం పొద్దున ఎనిమిదికి ఇస్తారు. సాయంత్రం వేళ కూడా ఖాళీ అయిందని తెలిసి, ఆరాధన సాయంత్రానికి మార్చమని ఫిన్నీ అడిగాడు. ట్యాంకర్ల డ్రైవర్లకి శుక్రవారం పొద్దున డ్యూటీ ఉంటుంది. ఇరవై ఏళ్ళ ఆనవాయితీ ఒకళ్ళిద్దరి కోసం మార్చేది లేదన్నాను. వాడు అందరి ముందూ లేచి, "అన్నయ్యా, నీకు మనుషులకంటే రిజిస్టరు ముఖ్యం" అన్నాడు. వేలు పట్టుకుని ఈ దేశం తెచ్చినవాణ్ణి, వీసాకి కఫీల్ కాళ్ళ దగ్గర కూర్చున్నవాణ్ణి, నన్ను అంత మాటన్నాడు. మరుసటి వారం వాడితో కలిపి పద్నాలుగు మంది రాలేదు. ఎవరి ఫ్లాట్లోనో వేరే కూడుకుంటున్నారని తెలిసింది. నేను ఇంటికెళ్ళి కంప్యూటర్లో ఆ పద్నాలుగు పేర్లూ కొట్టేశాను. మధ్యలో ఖాళీలు కనిపించకుండా మిగతావాళ్ళందర్నీ అక్షరక్రమంలో పేర్చి, కొత్త కాగితం అచ్చువేసి పంచాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి నేను చేసింది సరైనదేననుకున్నాను.

దాసు ఆ కాగితం తీసుకెళ్ళి పాతదాని మీద అతికించుకున్నాడు.

గోడ మీది పేర్లు లెక్కపెట్టాను, లెక్క నాకు ముందే తెలిసినా. తొంభై ఆరు. మూళ్ళు రెండు వందల ఎనభై ఎనిమిది. నలభై రెండు చుట్లు తక్కువ. నేను కొట్టేసింది పద్నాలుగు పేర్లని ఇద్దరికీ చెప్పాను. అట్టముక్క మీద దాసు ఏదో గీసి, గుణించి, కొట్టేసి, మళ్ళీ గుణించి, చివర సున్నా చుట్టి చూపించాడు. రెండు వందల వోల్టులు.

"పేర్లు తగ్గాయని నీకు తెలియలేదా?" అని విసుక్కున్నాను. నా తప్పుకి ఎదుటివాణ్ణి విసుక్కోవడం నాకు అలవాటే.

"వరస మారిపోయింది కదండీ, చూసి చదవడంలోనే సరిపోయింది. అయినా మీరిచ్చిన లిస్టు కదండీ, లెక్కపెట్టాలని తోచలేదు." అని, ఉన్నట్టుండి రెండు చేతులూ ఎత్తి చూసుకుని నవ్వాడు. "అయితే నా చేతులు పోలేదన్నమాటండి!"

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది.

విప్పక్కర్లేదట. పైన టేపు చుట్టి, సన్న తీగ కొస అతికి, మిగతా చుట్లు మీద వేయొచ్చట. అసర్ వేళైందని గులాం మసీదుకి వెళ్ళాడు. దాసు బద్దకి తీగ ఎక్కించుకుని నా వైపు తిరిగాడు.

"పాత కాగితం బంకకి అతుక్కుపోయిందండి. ఆ పద్నాలుగు పేర్లు మీకే తెలుసు. చెప్పండి, చుడతాను."

చెప్పడం మొదలుపెట్టాను. కృప. నిస్సీ. వినోద. మొదటి మూడు పేర్లు అయిష్టంగానే చెప్పాను. తర్వాత తర్వాత మనుషులు కనబడసాగారు. నా మోకాలి ఆపరేషనప్పుడు పది రోజులు గంజి తెచ్చింది కృప. వాళ్ళ మీద నాకు కోపం ఏమిటో, ఎప్పుడు మొదలైందో ఎంత వెతికినా దొరకలేదు. పదమూడు పేర్లయ్యాయి. ఆగాను. దాసు చెయ్యి చిల్లు దగ్గర ఆగింది.

"మళ్ళీ మొదటినుంచి" అన్నాను.

దాసు తలెత్తలేదు. "ఆయ్" అన్నాడు. రెండో విడతా పదమూడే. మూడో విడతా అంతే. ఆ ఒక్క పేరు నోటిదాకా వస్తోంది, పళ్ళ దగ్గర ఆగిపోతోంది. కోపమా అంటే కాదు. వాడు లేకుండా ఏడు వారాలు గడిచాక, ఇప్పుడు ఏ మొహంతో పిలవాలో తెలియలేదు.

షాపులో బ్యాటరీకి తగిలించి చూస్తే రెండు వందల ఇరవై ఎనిమిది. దాసు ఆ అంకెను సుద్దముక్కతో పెట్టె మీద రాశాడు. అప్పుడే వచ్చిన గులాం మీటరు చూసి ఇద్దర్నీ కావలించుకున్నాడు.

పొద్దు వాలకముందే అవాలి దాటి యార్డు చేరాం. దాసు తీగలు బిగించి, ఒకటికి రెండుసార్లు చూసి, ఫ్రిజ్ స్విచ్చి వేశాడు. గుర్రుమంది. ఆగలేదు. గుర్రు కాస్తా సన్నబడి సర్దుకుని నడవసాగింది. అరగంట అక్కడే నిలబడ్డాం, చెమటలు కారుతూ. తర్వాత గులాం లోపల అరచెయ్యి పెట్టి చూసి, ఐసు డబ్బాలోంచి మందు తీసి, ఒక్కొక్కటే పై అరలో పేర్చాడు. పేరుస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ కడుపు నిండినట్టయింది.

ఆ సంతోషంలో ఫోన్ తీసి, స్పీకర్ వేసి, కొట్టేశాడు.

"ఫిన్నీ భాయ్! ఫ్రిజ్ నడుస్తున్నది! ఇగ ఐసు వద్దు!"

"నిజంగా? దాసన్న చేసేశాడా?" ఏడు వారాల తర్వాత నా తమ్ముడి గొంతు విన్నాను. జలుబు చేసినట్టుంది.

"మీ అన్న కూడ ఈడనే ఉన్నడు. ఆ పద్నాలుగు పేర్లు ఆయననే జెప్పిండు, దాసన్న చుట్టిండు!"

ఫిన్నీ మెల్లగా అడిగాడు, "నా పేరు చెప్పాడా?"

గులాం నవ్వుతూ నా వైపు తిరిగాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఏం జరిగిందో తెలియక దాసు వైపు చూశాడు. దాసు బ్యాటరీ మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. గులాం ఫోన్ నా చేతిలో పెట్టాడు.

చెప్పానని అనొచ్చు. ఫ్రిజ్ ఎలాగూ నడుస్తోంది, అడిగేవాడు లేడు.

"లేదురా" అన్నాను. "మూడు చుట్లు తక్కువ పడ్డాయి."

"ఎంత తగ్గింది?"

"రెండు వోల్టులు."

"అంతేనా అన్నయ్యా నేను? రెండు వోల్టులేనా?" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగిపోయింది. వాడు ఏడుస్తున్నాడని తెలిసి, నేను ఆ రేకు క్యాబిన్‌లో గులాం మంచం మీద కూలబడి, పరాయి మనిషి ముందున్నానన్న ఇంగితం కూడా లేకుండా వాడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చాను.